హాల్లోకి పాతకాలం ఫోన్: బంగారు రంగుదా, నల్ల డయల్‌దా?

సుధ_మియాపూర్
కొత్త ఫ్లాట్‌లోకి వచ్చి రెండు నెలలైంది. హాల్లో తెల్ల గోడ, దాని ముందు మా అమ్మమ్మగారి టేకు స్టూలు. దాని మీద పాతకాలం ఫోన్ పెట్టాలని ఉంది. మావారు బంగారు రంగులో నగిషీలున్న విక్టోరియన్ మోడల్ చూపిస్తున్నారు. నా మనసు నల్ల డయల్ ఫోన్ మీద ఉంది. ఏది నప్పుతుంది? మోగకపోయినా పర్లేదు.

పాత_లైన్‌మన్
మోగకపోయినా పర్లేదు అనకండమ్మా. బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) నల్ల ఫోన్లు నా చేత్తో ఎన్నో ఇళ్లలో పెట్టాను. లోపల రెండు గంటలు, మధ్యలో చిన్న సుత్తి. ఐదు తిప్పితే లైను ఐదుసార్లు తెగి కలుస్తుంది, సున్నాకి పదిసార్లు. డయల్ వెనక్కి తిరుగుతూ చేసే ఆ టకటక చప్పుడే దాని అందం. ఆ బంగారు రంగు వాటిలో చాలావాటికి డయల్ తిరగదు, చిల్లుల్లో బటన్లు ఉంటాయి. వేలు పెట్టి తిప్పలేనిది ఫోనే కాదు.

రేఖ_డిజైనర్
ఆవిడ అడిగింది నప్పుతుందా అని, మోగుతుందా అని కాదు. సుధగారూ, మీ సోఫాకి చెక్కడం పని ఉందా? బరువైన పరదాలు, పెద్ద ఫ్రేము అద్దం ఉన్నాయా? ఉంటే బంగారు రంగుది కలిసిపోతుంది. సాదా ఫర్నిచర్ అయితే ఐవరీ రంగుది చూడండి. నలుపు మాత్రం వద్దు.

జూబ్లీ_వాసు
గురువారం పొద్దున్నే హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజార్‌కి వెళ్లి చూడండి. బేరం మాత్రం గట్టిగా ఆడాలి.

గుంటూరు_మాధవి
బంగారు రంగుది కొనే ముందు నా మాట వినండి. ఇత్తడి అని చెప్పి అమ్మారు. దసరాకి అన్ని ఇత్తడి సామాన్లతో పాటు చింతపండు పెట్టి తోమాను. పూత మొత్తం ఊడి లోపల తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. అమ్మినవాళ్లు వాపసు తీసుకోలేదు. ఇప్పటికీ కడుపు మండుతుంది.

పాత_లైన్‌మన్
చూశారా! పాత నల్లవి చాలావరకు బేకలైట్. 1907లో బేక్లండ్ అనే ఆయన కనిపెట్టిన పదార్థం. చేతికి బరువుగా, చల్లగా తగులుతుంది. పూతే లేదు, ఊడేదేముంది?

రేఖ_డిజైనర్
కింద పడితే పగులుతుంది, అది కూడా చెప్పండి. పైగా తిరిగే డయల్ ఉన్న కొత్త మోడళ్లూ వస్తున్నాయి. మీరు డయల్ దగ్గరే ఆగిపోయారు. అసలు మీ నల్ల ఫోన్ ఇవాళ్టి ఫైబర్ లైన్ మీద పనిచేస్తుందా?

పాత_లైన్‌మన్
కాల్ వస్తే చాలావరకు మోగుతుంది, మాట్లాడొచ్చు. మనం చేయాలంటేనే చిక్కు. ఇప్పటి ఫైబర్ పెట్టెల్లో చాలావాటికి డయల్ పల్సులు, అంటే లైను తెగి కలవడం, అర్థం కావు, మధ్యలో వాటిని బటన్ ఫోన్ టోన్‌గా మార్చే చిన్న సర్క్యూట్ కావాలి. అది పెద్ద పని కాదు. మీకు నలుపంటే ఎందుకింత కోపమో చెప్పండి. తెల్ల గోడ, టేకు చెక్క, మధ్యలో నల్ల ఫోన్. ఇంతకంటే నప్పేది ఇంకేముంటుంది? మీకు డిజైన్ తెలుసా అని సందేహం వస్తోంది.

రేఖ_డిజైనర్
పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మీ వయసుకి గౌరవం ఇచ్చి ఊరుకుంటున్నాను.

సరే, చెప్తాను. మా చిన్నప్పుడు మేం అద్దెకుండేవాళ్లం. ఫోన్ ఇంటివాళ్లది. నాన్న కార్డు మీద వాళ్ల నంబరే వేసి పక్కన "పీపీ" అని, అంటే ఫోన్ వేరేవాళ్లది, పిలిచి ఇస్తారు అని, రాసుకునేవారు. ఫోన్ వస్తే మమ్మల్ని వరండాలో నిలబెట్టి, కిటికీలోంచి రిసీవర్ ఇచ్చేవాళ్లు. మేం ఎవరికీ చేయకుండా డయల్‌కి చిన్న తాళం. మా తాతయ్య పోయారన్న కబురు పొద్దున్నే వస్తే, ఇంట్లో చుట్టాలున్నారని సాయంత్రం చెప్పారు. నాన్న వెళ్లేసరికి అంతా అయిపోయింది. అందరూ నల్ల ఫోన్‌ని తీపి జ్ఞాపకం అంటారు. నాకు ఆ వరండా గుర్తొస్తుంది. నేను డిజైన్ చేసే ఏ ఇంట్లోనూ దాన్ని పెట్టను.

జూబ్లీ_వాసు
మా ఇంటి డయల్‌కీ తాళం ఉండేది. తాళంచెవి నాన్నమ్మ కొంగున ఉండేది.

పాత_లైన్‌మన్
అమ్మా, డిజైన్ తెలుసా అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. అలాంటి వరండాలు నేనూ చూశాను. అర్జీ పెట్టుకున్న ఏళ్లకి కనెక్షన్ వచ్చేది. నేను వైరు లాగుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడేవాళ్లు, మొదటి గంట మోగగానే కొందరు దణ్ణం పెట్టుకునేవాళ్లు. నాకు ఆ ఇళ్లే గుర్తున్నాయి. పక్కింటివాళ్ల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ తప్పు ఆ మనుషులదమ్మా, ఫోన్‌ది కాదు.

రేఖ_డిజైనర్
మీరన్నది నిజమే కావచ్చు. నా చెయ్యి మాత్రం దాని మీదకి వెళ్లదు.

సుధ_మియాపూర్
రేఖగారూ, మీ మాటలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్నకి మొదటి జీతం కంటే ఫోన్ వచ్చిన రోజే ఎక్కువ గుర్తు. అందుకే నల్లదే తీసుకుంటున్నాం, మావారూ ఒప్పుకున్నారు. దానికి తాళం మాత్రం పెట్టను. లైన్‌మన్ గారూ, జుమ్మెరాత్ బజార్లో ఒకటి చూశాం, డయల్ సగం తిరిగి ఆగిపోతోంది. బాగవుతుందా?

పాత_లైన్‌మన్
లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది, స్ప్రింగ్ విరగకపోతే బాగవుతుంది. బలవంతంగా తిప్పకండి. బయట సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి, గరుకు పీచు వాడొద్దు. అడుగున ఉన్న స్క్రూలు విప్పి లోపలి ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.