మడ మొక్కల హెర్బేరియంకి బూజు పడుతోంది, ఎలా ఎండబెట్టాలి?

ప్రశ్న
నమస్కారమండి. కోనసీమలో బీఎస్సీ బోటనీ రెండో ఏడాది చదువుతున్నాను. వర్గీకరణ శాస్త్రంలో స్థిరపడాలని ఆశ. హెర్బేరియం (ఎండబెట్టి షీటుకి అతికించి దాచే మొక్కల సేకరణ) ప్రాజెక్టు కోసం ఉప్పుటేరు గట్టున మడ కొమ్మలు కోసి, పేపర్లో పెట్టి పైన పుస్తకాలు బరువు పెట్టాను. నాలుగో రోజుకి తెల్లమడ ఆకులు నల్లబడ్డాయి, ఉప్పునేలలో పెరిగే సుయేడా మొక్క కండగల ఆకులు రాలి కాడే మిగిలింది, పేపరుకి బూజు. ఎక్కడ తప్పు? ఈ పనితో ఉద్యోగం వస్తుందాండి?

జవాబు 1
పుస్తకాల బరువు ఆకుని అణుస్తుంది గానీ తేమని బయటికి పోనివ్వదు. బూజు అందుకే. 18×12 అంగుళాల ప్లైవుడ్ పలకలు రెండు, మధ్యలో గాలి ఆడే గాడుల అట్టలు, చుట్టూ బిగించే పట్టీలు కావాలి. ఈ అమరికనే ప్రెస్ అంటారు. ముసురు రోజుల్లో కింద నుంచి బల్బు వేడి సన్నగా తగలాలి.

కండ ఉన్న ఆకు ప్రెస్‌లో పెట్టగానే చావదు. రోజుల తరబడి బతికే ఉండి తొడిమ దగ్గర విడిపోతుంది, సుయేడా రాలింది అలాగే. పువ్వులు తగలకుండా ఆకుల భాగాన్ని మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, గుడ్డతో అద్ది ప్రెస్‌లో పెట్టండి.

తెల్లమడ సంగతి వేరు. ఆకు మీద ఎండకి పలుకుల్లా మెరిసేది అది బయటికి నెట్టిన ఉప్పు. గాలిలో తేమని ఆ ఉప్పు లాక్కుని, ఎండిన షీటుని మళ్లీ చెమరుస్తుంది. ముందే మంచినీళ్ల గుడ్డతో రెండువైపులా తుడవాలి.

మొదటి పేపరు 12 గంటల్లోపు మార్చాలి. ఆకులు మెత్తగా ఉండేది అప్పుడే, ఒకటి రెండు తిరగేసి అడుగుభాగం కనబడేలా సర్దండి. తర్వాత రోజూ మార్చాలి. ఎండిందో లేదో చెంపకి ఆనిస్తే తెలుస్తుంది: చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

జవాబు 2
మడ అడవిలోని తిల్ల చెట్టు కోసేటప్పుడు జాగ్రత్తండి. పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్లద్దాలు, తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. కోరింగ అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు.

ఎండాక రంగు, వాసన, వేళ్ల తీరు పోతాయి కాబట్టి అక్కడికక్కడే నోటుబుక్కులో రాయాలి: తేదీ, చోటు, జీపీఎస్, ఎత్తు, బెరడు, పువ్వు రంగు, బురదలోంచి పైకి పొడిచిన వేళ్లా, ఊతవేళ్లా. తెల్లమడకి ఆకు కొన సూదిగా, పువ్వు చిన్నదిగా ఉంటుంది. నల్లమడకి కొన గుండ్రం, పువ్వు పెద్దది. పువ్వు లేని కొమ్మ తెస్తే సగం శ్రమ వృథా. షీటు 42×29 సెంటీమీటర్లు, లేబులు కుడివైపు కింది మూల.

జవాబు 3
ఉద్యోగం సంగతి. 1890లో మొదలైన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకి కలకత్తాలో ప్రధాన కార్యాలయం, హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. పరిశోధనకి ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాయాలి. బోటనీ డిగ్రీతో యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీసుకీ అర్హత ఉంది. వ్యవసాయాధికారి పోస్టులకి మాత్రం వ్యవసాయ డిగ్రీ అడుగుతారు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక్క వర్గీకరణే నమ్ముకుంటే దారి ఇరుకు. డీఎన్ఏ పని గానీ జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) గానీ తోడు పెట్టుకోండి. అన్నట్టు, బ్రిటిష్ కాలపు వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఉండి మొక్కల్ని పరిశీలించినవాడే. ఈ నేల మీద మొదలెట్టడానికి చిన్నబుచ్చుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు
నల్లబడ్డవి పారెయ్యాలాండి?

జవాబు 1
బూజు పట్టినవి తీసెయ్యండి, పక్కవాటికి అంటుతుంది. ఉత్త నలుపే అయితే పువ్వులు, కాయలు చిన్న పొట్లంలో దాచి కొమ్మ నంబరే దానిమీద వెయ్యండి. ఎండిన పువ్వుని రెండు నిమిషాలు నీళ్లలో మరిగిస్తే మళ్లీ విచ్చుకుంటుంది, కేసరాలు లెక్కపెట్టుకోవచ్చు.