ఆక్వాకల్చర్ మేనేజ్‌మెంట్ డిగ్రీ: చదువా, చెరువా?

గట్టుమీద:
తమ్ముడికి యూనివర్సిటీలో ఆక్వాకల్చర్ మేనేజ్‌మెంట్‌లో సీటు వచ్చింది. నేను రొయ్యల ఫారంలో ఆరేళ్ళుగా టెక్నీషియన్‌ని, డిగ్రీ లేదు. "ఆ కోర్సు అయ్యేదాకా నా పక్కన గట్టు మీద నిలబడు, అంతకంటే ఎక్కువే వస్తుంది" అన్నాను. వాడు మొహం మాడ్చుకున్నాడు, అమ్మేమో నన్నే తిట్టింది. నిజంగానే అడుగుతున్నా, ఈ పని క్లాసులో కూర్చుంటే వస్తుందా? ఉపన్యాసాలు వద్దు, మీకు జరిగింది చెప్పండి.

చెక్‌ట్రే:
రాదు. మా చేపల చెరువు దగ్గర కొత్తగా చేరిన డిగ్రీ కుర్రాడు తెల్లవారుజామున 4 గంటలకు మీటరు ముంచి "డీఓ 4.6 ఉంది సార్, పర్లేదు" అన్నాడు. డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. వెళ్ళి చూస్తే చేపలన్నీ తూము దగ్గర మూగి, పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ప్రోబ్ నిండా పాచి. దాన్ని కాలిబ్రేట్ చేసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు. ఉన్న ఏరేటర్లన్నీ వేయించి గండం గట్టెక్కాం. రాత్రంతా పాచి, చేప, అడుగు బురద కలిసి ఆక్సిజన్ లాగేస్తాయని, తెల్లారే ముందు అది బాగా పడిపోతుందని ఆ కుర్రాడికి తెలుసు. పరీక్షలో రాసే ఉంటాడు. ఎదురుగా చేప చెబుతుంటే మీటరు మాట నమ్మాడు, అంతే.

నీలిపాచి:
చెక్‌ట్రే గారూ, మీ కుర్రాడి తప్పు ఒప్పుకుంటా. నేను ఆ డిగ్రీ చేసినదాన్నే. ఇక మా మేనేజర్ గారి సంగతి వినండి. ఇరవయ్యేళ్ళ అనుభవం, చెరువు రంగు చూసి మేత తగ్గించేంత చెయ్యి. ఆయనకో లెక్కుండేది: అమ్మోనియా కిట్‌లో 2 దాటితేనే నీళ్ళు మార్చాలి. ఓ చెరువులో పొద్దున 2, సాయంత్రమూ 2. "మారలేదుగా" అన్నారు. అంకె మారలేదు గానీ విషం మారింది. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో చేపకు ప్రమాదం చేసే భాగం ఎంతన్నది ముఖ్యంగా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె), ఆ తర్వాత నీటి వేడి తేలుస్తాయి. మంచినీటి చెరువులో 28 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 అయితే అది నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర ఆరేడు వంతులు. 9కి చేరితే 40 వంతులు! పగలంతా పాచి కార్బన్ డయాక్సైడ్‌ని తినేస్తుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ ఎక్కుతుంది. మేం ఆ టైముకే పెద్ద మేత వేస్తున్నాం. చేప మేత ముట్టకపోతే "కొత్త బస్తా బాగాలేదు" అనుకున్నారు అందరూ. ఇది ఏ గట్టు నేర్పుతుంది?

గట్టుమీద:
బాగుందమ్మా. కానీ ఆ చార్టేదో ప్రింట్ తీసి షెడ్డు గోడకు అంటిస్తే సరిపోదా? దానికి అన్నేళ్ళ చదువెందుకు?

నీలిపాచి:
చార్టు లేని జబ్బు వస్తే? 2009 నుంచి చైనాలో, ఆ తర్వాత వియత్నాం, థాయ్‌లాండ్‌లలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన నెలలోపే రొయ్య రాలిపోయింది. ఈఎంఎస్ అన్నారు. ఆ పేరుకర్థం 'తొందరగా చస్తోంది' అని మాత్రమే. ఒకరు సీడ్ అన్నారు, ఒకరు మేత అన్నారు, ఇంకొకరు చెరువులో కొట్టిన మందు అన్నారు. చివరికి 2013లో అరిజోనా యూనివర్సిటీలో డోనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది: విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియాలో ఒక రకం విషం వదిలి రొయ్య కాలేయాన్ని పాడుచేస్తోందని.

రెండోపంట:
నీలిపాచి గారూ, లైట్నర్ జబ్బుల శాస్త్రవేత్త. ఆ గొప్ప మేనేజ్‌మెంట్ డిగ్రీ ఖాతాలో వేసుకుంటే ఎలా? నేను రెండూ చూశాను, కాస్త పొడుగ్గా చెబుతా.

ఈ కోర్సు విలువ చెరువు లోపల కాదు, చెరువుకీ చెరువుకీ మధ్య ఉంటుందని నా అభిప్రాయం. 2007లో చిలీ సాల్మన్ ఫారాల్లో ఐఎస్ఏ అనే వైరస్ బయటపడింది. చిన్నాచితకా పెంపకందార్లు కారు వాళ్ళు, డబ్బూ చదువూ ఉన్న పెద్ద కంపెనీలే. వైరస్ ఒక్కటే కాదు, పంజరాల సైట్లు దగ్గరదగ్గరగా పెట్టడం, చేపల్నీ పడవల్నీ అటూఇటూ తిప్పడం కూడా కొంప ముంచాయి. ఎవడి సైటు వాడికి బాగానే కనబడేది. ఉత్పత్తి కుప్పకూలాక సైట్లను గుంపులుగా చేసి, ఒక గుంపు వాళ్ళంతా ఒకేసారి పట్టుబడి (చేపలు పట్టడం) చేసి ఒకేసారి ఖాళీ ఉంచాలని నిబంధన తెచ్చారు. పక్కవాడు ఎప్పుడు వదులుతున్నాడు, వాడి నీళ్ళు ఎటు పోతున్నాయి అన్నది నీ గట్టు మీద నిలబడితే కనబడదు.

ఇంకోటి, మేత లెక్క. ఖర్చులో సగానికి పైగా సాధారణంగా అదే. 5 టన్నుల పట్టుబడి మీద ఎఫ్‌సీఆర్ (కిలో పెరుగుదలకు పట్టిన మేత కిలోలు) 1.4కి బదులు 1.5 అయితే 500 కిలోల మేత ఎక్కువ పోయినట్టు. ఈ లెక్క అందరూ వేస్తారు, పంట అయిపోయాక. వారం వారం వేసి, 'ఇక పెరుగుదల మేత ఖర్చుకు రావట్లేదు, వల వేద్దాం' అని మధ్యలోనే చెప్పగలవాడే మేనేజర్.

కోర్సుల మీద నా ఫిర్యాదు కూడా చెప్పాలి. కొన్నిచోట్ల జువాలజీకి కొత్త బోర్డు తగిలించి, పైన రెండు మార్కెటింగ్ పేపర్లు చల్లి మేనేజ్‌మెంట్ అంటున్నారు. అలాంటిదైతే మీ గట్టే మేలు.

చెక్‌ట్రే:
హమ్మయ్య, ఒకరైనా ఒప్పుకున్నారు.

రెండోపంట:
సగమే ఒప్పుకున్నా అన్నా. అమెరికాలోని ఆబర్న్ యూనివర్సిటీలో క్లాడ్ బాయిడ్ దశాబ్దాల పాటు పని చేసింది చెరువు నీటి మీదే. అక్కడ చదువు, చెరువు అని రెండు లేవు. గట్టుమీద గారూ, కాలేజీ వాళ్ళని ఒక్కటి అడగండి: విద్యార్థి సీడ్ వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా ఒక చెరువు లెక్క తనే రాస్తాడా, రాత్రి డ్యూటీతో సహా?

గట్టుమీద:
ఫోన్ చేసి అడిగాను. ఒక పూర్తి పంట ఉందట, కానీ చివరి ఏడాదిలో. ముందు సెలవుల్లో నా దగ్గరకు వస్తానని తమ్ముడే అన్నాడు. చేరమన్నాను.

ఇంకో మాట. నీలిపాచి గారి పోస్టు చదివాక మా రికార్డు పుస్తకాలు తిరగేశా. పీహెచ్ దగ్గర ఆరేళ్ళూ పొద్దుటి అంకెలే ఉన్నాయి. సాయంత్రానికి అసలు గడే గీయలేదు. గీసింది నేనే. ఇవాళ 4 గంటలకు తీశా: పొద్దున 7.8 ఉన్న చెరువు 8.9 చూపించింది.

చెక్‌ట్రే:
ఆ కిట్ ఎక్స్‌పైరీ చూశావా తమ్ముడూ?