కొత్త మెసేజ్ రాగానే స్క్రీన్ రీడర్ దానంతటదే చదవాలా, వద్దా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
నాకు చూపు లేదు, బెంగళూరులో సపోర్ట్ ఉద్యోగం. ఆఫీసులో కొత్త చాట్ యాప్ పెట్టారు, పేరెందుకులెండి. ఎన్‌వీడీఏ (తెర మీదున్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వేసుకుని ట్యాబ్ కీ కొడుతూ పోతే "బటన్, బటన్, బటన్" అంటుంది, అంతే. మొన్న పంపే బటన్ అనుకుని పక్కది నొక్కాను, అది వాయిస్ రికార్డింగట. "ఈ దిక్కుమాలిన యాప్..." అని నేను గొణిగింది కాస్తా నేరుగా మా మేనేజర్‌కి వెళ్లింది. నవ్వి ఊరుకున్నారు కాబట్టి బతికిపోయాను.

బటన్లకు పేర్లు పెట్టకపోవడం తప్పే, దాని మీద వాదన అక్కర్లేదు. నేనడిగేది వేరు. చాట్ తెరిచి ఉన్నప్పుడు వచ్చే ప్రతి మెసేజ్‌నీ వెంటనే చదవాలా? నా మటుకు చదవాల్సిందే. చూపున్నవాళ్లు ఓరకంట చూసేస్తారు, నేను మాత్రం టైప్ చేస్తున్నది వదిలేసి, పైకెళ్లి, బాణం కీలతో వెతుక్కుని మళ్లీ కిందికి రావాలి.

మడివాళ_అక్క:
నాకూ చూపు లేదు తమ్ముడూ, కానీ వద్దంటాను. మా చుట్టాల గ్రూపులో పొద్దున్నే ఒకాయన పదిహేను దండాల బొమ్మలు పెడతాడు, "ఫోల్డెడ్ హ్యాండ్స్, ఫోల్డెడ్ హ్యాండ్స్" అని అన్నీ వినాలి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్లు ఇంకో రకం, ఇంగ్లిష్ గొంతు దాన్ని చదివితే మన భాషో కాదో కూడా తెలీదు. కంట్రోల్ కీ కొడితే నోరు మూస్తుంది, నిజమే, కానీ నేను వింటున్న ఆఫీసు మెయిల్ కూడా అక్కడే ఆగిపోతుంది కదా!

వైట్‌ఫీల్డ్_కోడర్:
ఇంత గొడవెందుకండీ, ఎన్‌వీడీఏకి యాడ్-ఆన్ (అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) రాసుకుంటే సరిపోతుందిగా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
ఎవరు రాయాలి బ్రదర్? 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు కుర్రాళ్లు ఎన్‌వీడీఏ మొదలుపెట్టారు, ఈరోజుకీ ఉచితమే. యాప్ వాళ్లు మానేసిన పని కూడా మనమే చేసిపెట్టాలా? పైగా వాళ్లు అప్‌డేట్‌లో విండో అమరిక కాస్త మార్చారంటే యాడ్-ఆన్ పని గోవిందా.

వైట్‌ఫీల్డ్_కోడర్:
సరే, ఒప్పుకుంటున్నా. అయితే ఒకటి చెప్పాలి. డెస్క్‌టాప్ చాట్ యాప్‌లు చాలావరకు లోపల వెబ్ పేజీలే. వాటిలో 'aria-live' అని స్క్రీన్ రీడర్ కోసం ఒక సెట్టింగ్ ఉంటుంది. దానికి 'పొలైట్' పెడితే చదువుతున్న మాట పూర్తయ్యాక కొత్తది చెబుతుంది, 'అసర్టివ్' పెడితే మధ్యలోనే దూరి చెబుతుంది. మా టీమ్‌లో ఒకడు అన్నిటికీ అసర్టివ్ పెట్టాడు, "ఎవరో టైప్ చేస్తున్నారు" అన్నదానికి కూడా. టెస్టింగ్‌లో అందరూ కళ్లతోనే చూశారు, ఎవరికీ తెలీలేదు. సిగ్గుగానే ఉంది.

మడివాళ_అక్క:
అదీ సంగతి! నన్ను విసిగించింది మీవాడేనేమో, హహ. పొలైట్ అయితే నాకు పేచీ లేదు, కానీ గ్రూపు గ్రూపుకీ విడిగా ఆన్, ఆఫ్ ఉండాలి. ఆఫీసు చాట్ చదవనీ, చుట్టాలది నోరెత్తకూడదు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
అక్కా, ఆ ఆఫ్ చేసే బటన్‌కి కూడా పేరుండాలిగా ముందు! మా ఐటీ వాళ్లకి రాస్తున్నా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సంగతి కూడా కలిపి. కోడర్ గారూ, మీ టీమ్ ఈసారి టెస్ట్ చేసేటప్పుడు మానిటర్ ఆపేసి చేయమనండి, కావాలంటే శనివారం నేనొచ్చి కూర్చుంటా. ఫిల్టర్ కాఫీ ఖర్చు మాత్రం మీదే.