నటి జమున మీద ప్రదర్శన: ఏం పెట్టాలె, తప్పులు ఎక్కడ దొర్లుతయి?

కోదాడ_పుస్తకాలు:
అందరికీ నమస్కారం. సినిమా నటుడు కాంతారావు గారి ఊరు గుడిబండ మా మండలమే. అందుకని ఆయనతోని నటించినవాళ్ల మీద చిన్న చిన్న ప్రదర్శనలు పెడుతున్నం. ఈసారి జమున గారు. ఏ3 సైజు షీట్లు పది, 20 నిమిషాల ప్రసంగం, ప్రొజెక్టర్ మీద మూడు పాటలు అనుకుంటున్నం. చూసేటోళ్లలో ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువ. నెట్‌ల వెతికితే ఒక్కోచోట ఒక్కో సంవత్సరం, ఒక్కో సినిమాల సంఖ్య కనపడుతున్నది. కొన్ని ఫొటోలు ఆమెవేనా అని కూడా అనుమానం. ఏవి తీసుకోవాలె, ఏవి వదిలెయ్యాలె?

పాలమూరు_పాతరీలు:
ముందుగాల పేర్ల గొడవ తేల్చుకోండి, తప్పులన్నీ అక్కడ్నుంచే మొదలైతయి. జమున పేరుతోని ఇంకో నటి ఉన్నది: జమునా బారువా. 1930లలో వచ్చిన బెంగాలీ, హిందీ దేవదాసుల్లో పార్వతి ఆమె. మన జమున 1936 ఆగస్టు 30న హంపిలో పుట్టింది, పెరిగింది గుంటూరు జిల్లా దుగ్గిరాలలో. 1953కు ముందటి సినిమా స్టిల్ ఏదన్న ‘జమున’ అని దొరికితే అది ఈమెది కాదు, తీసి పక్కన పెట్టుండ్రి. ఇంకొకరు జమునారాణి. ఆమె గాయని. మన జమున గారికి ఎక్కువగా పాడింది సుశీల. పాటల షీటు మీద ‘నటించినవారు’, ‘పాడినవారు’ వేర్వేరు గడుల్లో రాస్తే పిల్లలు కలగాపులగం చెయ్యరు.

మొదటి సినిమా పుట్టిల్లు, 1953, దర్శకుడు డాక్టర్ గరికపాటి రాజారావు. ఆయన ప్రజానాట్యమండలి అనే నాటక సంస్థ మనిషి. అల్లు రామలింగయ్యకు కూడా మొదటి సినిమా అదే. జమున కూడా నాటకాల మీది నుంచి వచ్చిన పిల్లే, అందుకని ఈ షీటుల నాటకరంగం గురించి నాలుగు ముక్కలు తప్పకుండా రాయాలె.

మొత్తం ఎన్ని సినిమాలని మాత్రం అచ్చెయ్యొద్దు. ఆమె తెలుగు, తమిళం, హిందీ, కన్నడంలో చేసింది. ఒకే కథను రెండు భాషల్లో తీసినప్పుడు కొందరు ఒకటిగ లెక్కేస్తరు, కొందరు రెండుగ. డబ్బింగులు కలిపేటోళ్లు ఇంకొందరు. ఆ సంఖ్య ఏ ఇద్దరికీ కలువదు.

దానికి బదులు మిస్సమ్మ సినిమాకు ఒక షీటు పూర్తిగ ఇయ్యుండ్రి. అందుల కథానాయిక మేరీ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిని. ఆమె తప్పుకున్నంక, రెండో పాత్రకు తీసుకున్న సావిత్రిని మేరీగా చేసిండ్రు, ఖాళీ అయిన ఆ రెండో పాత్ర జమునకు వచ్చింది. తెలుగు మిస్సమ్మ, తమిళ మిస్సియమ్మ రెండూ 1955 జనవరిలనే విడుదలైనయి. తర్వాత 1957ల హిందీ మిస్ మేరీ. మేరీ హిందీల మీనాకుమారి అయింది, హీరో తెలుగుల ఎన్టీఆర్, మిగతా రెంటిల జెమినీ గణేశన్. జమున పక్కన తెలుగుల అక్కినేని, తమిళంల తంగవేలు, హిందీల కిశోర్ కుమార్. మూడింటిలనూ మారకుండ ఉన్నది జమున. 18 నుంచి 20 ఏండ్ల లోపు పిల్ల ముగ్గురు వేరు వేరు జోడీలతోని అదే పాత్ర నిలబెట్టింది! ఇది ఒక పట్టికగా వేస్తే చాలు, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

సంవత్సరాల తేడాకు కారణం ఎక్కువసార్లు ఇది: సెన్సార్ సర్టిఫికెట్ మీది తేదీ ఒకటి, విడుదల తేదీ ఒకటి, అవార్డు ఇచ్చిన ఏడు ఇంకొకటి. మిలన్ 1967 హిందీ సినిమా, దానికి ఉత్తమ సహాయనటిగ ఫిల్మ్‌ఫేర్ ఇచ్చింది 1968ల. రెండూ రాయుండ్రి. విడుదల తేదీకి ఆనాటి పత్రికల సినిమా ప్రకటన కన్న మంచి సాక్ష్యం లేదు. పాత ఆంధ్రపత్రిక సంచికలు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌ల దొరుకుతయేమో చూడుండ్రి.

సూర్యాపేట_నాటకం:
మీ ప్రదర్శనకు శ్రీకృష్ణ తులాభారం (1966) పెద్ద షీటు కావాలె. జమున సత్యభామ, ఎన్టీఆర్ కృష్ణుడు, అంజలీదేవి రుక్మిణి, మన కాంతారావు నారదుడు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. నారదుడు సత్యభామను మాటలతోని వ్రతానికి ఒప్పించి, కృష్ణుణ్ణి దానం పట్టి, బజార్ల వేలానికి పెడతడు. కథను నడిపేది వీళ్లిద్దరి మధ్య మాటలే. కోదాడల చూపెట్టాల్సింది కూడా అవే. ఒక్క పాటతోని సరిపెట్టకుండ ఆ సంభాషణ మూడు నిమిషాలు వెయ్యుండ్రి.

‘మీరజాలగలడా’ పాట రాసింది స్థానం నరసింహారావు. రంగస్థలం మీద సత్యభామగ దశాబ్దాలు వెలిగిన మగనటుడు ఆయన, 1956ల పద్మశ్రీ. సినిమాల పాడింది సుశీల. ఒక మగనటుడు నిలబెట్టిన భామ నడక, మెడ విరుపు జనం కండ్లల ఇంకా ఉన్న రోజుల్ల జమున ఆ పాత్రకు దిగింది. అంతకుముందు వినాయక చవితి (1957)ల కూడా సత్యభామే. రెండూ పక్కపక్కన చూస్తే తొమ్మిదేండ్లల ఆమె ఎంత ఎదిగిందో తెలుస్తది.

అయితే సత్యభామతోనే ఆపితే ఆమెకు అన్యాయం చేసినట్టే. మూగమనసులు (1964)ల గౌరి నా లెక్కల అన్నిటికన్న పెద్ద పని. అందులో ‘గోదారి గట్టుంది’ రాసింది మన దాశరథి. చిలిపి పిల్లగా, మళ్ల ముసలమ్మగా రెండు వయసులూ ఆమే. మిలన్ దాని హిందీ రూపమే, అక్కడ కూడా గౌరి పాత్రకు ఆమెనే పిలిచిండ్రు.

కోదాడ_పుస్తకాలు:
చాలా సంతోషం. ఎన్టీఆర్, అక్కినేని ఆమెతో నటించకుండ ఆగిన సంగతి రాయొచ్చా? రాజకీయాలు?

పాలమూరు_పాతరీలు:
రాయొచ్చు, ఆమె స్వయంగా చెప్పిందే. సుమారు మూడేండ్లు. నిర్మాత చక్రపాణి మధ్యల పడి గుండమ్మ కథ (1962)తోని ముగించిండు. తప్పెవరిదని తీర్పు చెప్పొద్దు, రెండు వాక్యాలు చాలు. 1989ల రాజమండ్రి నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచింది. 2023 జనవరి 27న హైదరాబాద్‌ల చనిపోయింది, 86 ఏండ్లు.

మిర్యాలగూడ_తెర:
ప్రొజెక్టర్ సంగతి. ఈ నలుపు తెలుపు సినిమాల బొమ్మ దాదాపు 4:3 (వెడల్పు 4 అయితే ఎత్తు 3). నెట్‌ల ఉన్న కాపీలు చాలా వరకు అడ్డంగ సాగదీసి ఉంటయి, ముఖాలు ఉబ్బినట్టు కనపడతయి. కంప్యూటర్‌ల వీఎల్‌సీ ప్లేయర్‌ల వీడియో నడుస్తుంటే కీబోర్డు మీద ఇంగ్లీషు ‘ఏ’ (A) అక్షరం నొక్కుతూ పోతే 4:3 వస్తది, అక్కడ ఆపుండ్రి. నుదురు, గడ్డం తెగిన కాపీ అయితే అది పైనా కిందా కోసిన బొమ్మ, ఏం చేసినా బాగుపడదు, వేరేది వెతకాలె. తర్వాత ప్రొజెక్టర్ మెనూల ఆస్పెక్ట్ ‘ఆటో’ల ఉన్నదా చూడుండ్రి, కంప్యూటర్ పంపే బొమ్మ ఆకారానికి అది సరిపోకుంటే బొమ్మ మళ్ల చెడుతది. పాత ధ్వని మోనో (ఒకే ట్రాక్) కాబట్టి కొన్ని ఫైళ్లల ఒక్క స్పీకరే పలుకుతది. వీఎల్‌సీ ఆడియో మెనూల స్టీరియో మోడ్‌ను ‘మోనో’ పెడితే రెండూ పలుకుతయి. కిటికీలకు నల్లగుడ్డ కట్టకుంటే మూగమనసుల్ల రాత్రి సీన్లు అసలే కనపడవు.