ఫ్లాట్ వడ్డీ వెనకున్న అసలు రేటు: మొదటి సెమిస్టర్ పైథాన్‌లో ఎలా చెప్పాలి?

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు పైథాన్, సొంత డబ్బు లెక్కలు రెండూ చెప్పే లెక్చరర్లు ఎవరైనా ఉంటే సలహా ఇవ్వండి.

ల్యాబ్ లెక్క ఇది. లక్ష అప్పు, 12 నెలలు, ఏడాదికి 12%, అంటే ఊళ్లో చెప్పే నూటికి రూపాయి వడ్డీ. తగ్గే బాకీ మీద ఈఎంఐ రూ. 8,884.88, మొత్తం వడ్డీ సుమారు రూ. 6,619. అదే ఫ్లాట్ రేటైతే (బాకీ తగ్గినా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ) వడ్డీ రూ. 12,000, వాయిదా రూ. 9,333.33. తగ్గే బాకీ లెక్కన చూస్తే ఇది ఏడాదికి సుమారు 21.5% అవుతుంది. అప్పు తీసుకోబోయే పిల్లలకు తప్పక తెలియాల్సింది ఈ ఒక్క అంకే.

చిక్కంతా ఆ రేటు రాబట్టడంలోనే. దానికి నేరుగా ఫార్ములా లేదు. నెలకు 1%, 3% మధ్య సగం చేసుకుంటూ వెతికే పద్ధతి వైల్ లూప్‌తో (షరతు నిలిచినంతసేపు మళ్లీ మళ్లీ నడిచే కోడ్) సరిపోతుంది. కానీ ఆపే షరతు దగ్గర చాలామంది పిల్లలు, ఊహించిన రేటుతో వచ్చిన వాయిదా, అసలు వాయిదా సమానమా అని == పెడతారు. కంప్యూటర్ దశాంశాలను ఉజ్జాయింపుగానే దాచుకుంటుంది కాబట్టి అది కుదరకపోవచ్చు, అప్పుడు లూప్ ఆగదు.

ఇంకోటి, ఈఎంఐని రూ. 8,885కి సవరిస్తే చివరి వాయిదా సుమారు రూపాయిన్నర తగ్గాలి. దీన్ని తప్పనుకుని కోడ్ మార్చేస్తున్నారు.

పైసలను పూర్ణాంకాలుగా మొదటే నేర్పించాలా, లేక రౌండ్‌తో నెట్టుకొచ్చి డెసిమల్ మాడ్యూల్ (దశాంశాలను కచ్చితంగా లెక్కించే పైథాన్ సాధనం) తర్వాత చెప్పాలా? దిద్దేటప్పుడు ఎన్ని పైసల తేడా వదిలేస్తున్నారు?