షెమా చివరి మాట “ఎహాద్”: తెలుగులో ఎలా రాయాలి, ఎలా పలకాలి?

ప్రశ్న: రబ్బీ ఆర్యే కాప్లాన్ యూదు ధ్యానం గురించి రాస్తూ, యూదులు రోజూ చదివే విశ్వాస ప్రకటన షెమాలో (ద్వితీయోపదేశకాండము 6:4) ఒక్కో మాట మీద 15, 20 సెకన్లు నిలవవచ్చంటారు. తెలుగు చేసేటప్పుడు మన బైబిలు వాక్యాన్నే పెట్టేయవచ్చా? “ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా.”

జవాబు: అర్థానికి సరిపోతుంది గానీ సాధనకు పనికిరాదండి. హీబ్రూ వరస ఇది: షెమా, యిస్రాయేల్, అదోనాయ్, ఎలోహేను, అదోనాయ్, ఎహాద్. ఆరు మాటలు, ఆఖరిది “ఒక్కడు”. తెలుగులో “అద్వితీయుడగు” ముందుకు జరిగింది, నిలవాల్సిన చోటే మారిపోయింది. పైగా మన బైబిలు యెహోవా అని రాసే ఆ నాలుగు హీబ్రూ అక్షరాల నామాన్ని యూదులు పైకి చదవరు, అదోనాయ్ అంటారు. మూలాన్ని తెలుగు లిపిలో ఉంచి, కింద “విను ఇశ్రాయేలూ, ప్రభువు మన దేవుడు, ప్రభువు ఒక్కడే” అని ఇవ్వండి.

మరొకరు: ఎహాద్‌లో హల్లులు మూడు: అలెఫ్, హేత్, దాలెత్. హేత్ మన హ కాదు, ఖ అంతకన్నా కాదు. గొంతులో ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. ఒక సూచన రాయక తప్పదు. అలెఫ్‌ను సాగదీయకూడదు. హేత్ మీద ఆకాశానికీ భూమికీ ఆయనే రాజని, దాలెత్ మీద నాలుగు దిక్కులా ఆయనదే ఏలుబడి అని తలచుకునేంతసేపు నిలవమంటుంది యూదుల ధర్మనియమాల గ్రంథం షుల్హాన్ ఆరూఖ్. దాలెత్ తేలిపోతే రేష్ (ర్ అక్షరం) అనిపిస్తుంది, మాట “అహేర్” అయిపోతుంది, అంటే “వేరొకడు”! రాతలో ఆ రెండక్షరాలకూ తేడా ఒక్క మూలే. తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్టలో ఈ దాలెత్‌ను పెద్దదిగా రాయడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

ప్రశ్న: ద్ గాలిని ఆపి పలికే స్పర్శం కదండీ, ఎలా సాగుతుంది? మన నోట “ఎహాదు” అయిపోతుంది.

జవాబు: మన ద్ సాగదు. యెమెన్ యూదుల ఉచ్చారణలో మాత్రం చివరి దాలెత్‌కు నాలుక కొస పళ్ల మధ్యకు వస్తుంది, గాలి ఆగదు, అందుకే ఊపిరి ఉన్నంతసేపూ సాగుతుంది. ద్ పలికేవారు దాన్ని తెంపుగా ముగించి, తలపును మనసులో కొనసాగించాలి. ఉకారం మాత్రం చేర్చవద్దు.

ఇంకొకటి, అనువాదంలో షెమాను “మంత్రజపం” అనకండి. వెంటవెంటనే రెండుసార్లు అన్నవాణ్ణి ఆపించాలని యూదు పండితుల చర్చల గ్రంథం తాల్ముద్ (బెరఖోత్ 33బి) చెబుతుంది. ఇద్దరు దేవుళ్లున్నట్టు ధ్వనిస్తుందని దాని భయం. జపానికి కాప్లాన్ చూపేది వేరు: హసీదీ అనే యూదు భక్తి ఉద్యమ గురువు, బ్రెస్లోవ్ రబ్బీ నాహ్మాన్ సూచించిన “రిబ్బోనో షెల్ ఓలామ్”, లోకనాథా అని. దాన్ని ఎన్నిసార్లయినా అనవచ్చు.