ఎక్స్‌రే విజృంభణను యాదృచ్ఛికపు హెచ్చు నుంచి వేరుచేయడం ఎలా?

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఆకాశంలోని ఎక్స్‌రే వనరులను గమనిస్తూ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపైనున్న మ్యాక్సీ పరికరం అందరికీ అందుబాటులో ఉంచే రోజువారీ ఎక్స్‌రే లెక్కలతో, 1989 తరువాత 26 ఏళ్లు నిద్రాణంగా ఉండి 2015 జూన్‌లో విజృంభించిన (అంటే ఎక్స్‌రే వెలుగు ఒక్కసారిగా పెరిగిన) వి404 సిగ్ని కృష్ణబిలపు గ్రాఫును పిల్లలచేత గీయించాను. ఆ శిఖరాన్ని పోల్చుకోవడానికి గణితమే అక్కరలేదు. చిక్కంతా మసక ఎక్స్‌రే వనరులతోనే. సగటుకు మూడు ప్రామాణిక విచలనాలు (లెక్కల చెదురుకు కొలమానం) పైకి పోయిన ప్రతి బిందువునూ విజృంభణ అనుకుంటే, రెండేళ్ల రోజువారీ లెక్కల్లో యాదృచ్ఛికంగానే అలాంటిది ఒకటి తగలవచ్చు. ఒక విద్యార్థిని పెన్సిలుతో సున్న చుట్టి ఉత్సాహంగా తెచ్చిన బిందువుకైతే దోషరేఖ (కొలతలోని అనిశ్చితిని చూపే గీత) పక్కవాటికి మూడింతలుంది. అంతరిక్ష కేంద్రం భూమిని చుట్టే సుమారు 92 నిమిషాల ఒక్కో పరిభ్రమణానికి దొరికే లెక్కల్లో వరుసగా రెండు మూడు హెచ్చులు కనబడేదాకా ఆగడం మేలా, లేక దోషాన్ని బట్టి భారమిచ్చి సగటు కట్టాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.